డొక్క నుంచి డబ్బు దాకా: పల్లె మహిళల కొబ్బరి పీచు పనికి సమగ్ర మార్గదర్శి

అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరి రాశుల దగ్గర కాసేపు నిలబడితే ఒక సంగతి అర్థమవుతుంది. ఒలిచిన కాయ ఒక దారిన పోతుంది, దాని మీది పీచు తొక్క, అంటే డొక్క, మరో దారిన పోతుంది. కాయకు పేరుంది, రకముంది, పత్రికలో రోజూ వచ్చే ధర ఉంది. డొక్క మాత్రం ట్రాక్టరు లెక్కన పీచు మిల్లుకు వెళ్తుంది, కాదంటే పొయ్యిలోకి పోతుంది. మిల్లులో పీచు ఆరబెట్టేది, తిరగేసేది, పొట్టు ఎత్తిపోసేది ఎక్కువగా ఆడవాళ్లే. వాళ్లకు దక్కేది రోజు కూలి. అదే పీచు తాడుగానో, గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టాగానో, మొక్కల కుండీగానో మారి పట్నం దుకాణంలో కూర్చునేసరికి ధర ఎక్కడికి చేరిందో ఆరబెట్టిన మనిషికి తెలియదు.

పీచుతో వస్తువులు చేయడం నేర్పే శిక్షణలకు కొదవ లేదు. శిక్షణ చివరి రోజున ధ్రువపత్రాలు పట్టుకుని ఫొటో దిగుతారు. ఆరు నెలలు పోయాక అదే ఊరికి వెళ్తే తాడు పేనే రాట్నం మూలన ఉంటుంది, దాని మీద బట్టలు ఆరేసి ఉంటాయి. పని రాక ఆగిపోయిందా అంటే కాదు. ఆ మహిళల వేళ్లకు రెండో వారానికే పని పట్టుబడింది. పీచు ఎవరు కొనాలి, ధర ఎవరు చెప్పాలి, డబ్బు ఎవరి ఖాతాలో పడాలి అన్న మాటలు ఎవరూ ఎత్తకపోవడం వల్ల ఆగింది. అందుకే ఈ మార్గదర్శిలో తాడు పేనడానికి ఎంత చోటు ఇచ్చానో లెక్కలకూ అంత ఇచ్చాను. సంఘం నడిపేవారు, కొత్తగా మొదలుపెట్టాలనుకునే మహిళలు, వాళ్లకు తోడుండే కార్యకర్తలు దీన్ని వరుసగా చదివితే మంచిది.

మొదటి మెట్టు: డొక్క ఎక్కడుంది, ఎంతుంది

శిక్షణ గురించి ఆలోచించే ముందు ఊరి చుట్టూ ఒక వారం తిరగండి. కొబ్బరి ఒలిచే చోట్లు ఎన్ని, కాయల దింపు ఏ నెలల్లో ఎక్కువ, డొక్క ఎవరు కొంటున్నారు, ఏ ధరకు కొంటున్నారు అన్నవి ఒక నోటు పుస్తకంలో రాయండి. కోనసీమలో డొక్కకు కరవు లేదు. శ్రీకాకుళం ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి వైపు కూడా తోటలు విస్తారం. అయితే 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఎలా దెబ్బతీసిందో అక్కడివారికి గుర్తుండే ఉంటుంది. పడిపోయిన చెట్టు స్థానంలో మొక్క నాటితే కాపుకు ఏళ్లు పడుతుంది. కాబట్టి ఒకే తోటను, ఒకే మిల్లును నమ్ముకోవద్దు. కనీసం ఇద్దరు అమ్మకందార్లు తెలిసి ఉండాలి.

డొక్కలో మూడింట ఒక వంతుకు కాస్త తక్కువే పీచు, మిగిలినదంతా పొట్టు. వెయ్యి డొక్కలకు అటూ ఇటూగా 80 కిలోల పీచు వస్తుంది. పోగు పొడవు సాధారణంగా 10 నుంచి 30 సెంటీమీటర్లు. ఇందులో లిగ్నిన్ ఎక్కువ. చెట్టు కాండానికి గట్టితనం ఇచ్చే పదార్థం అదే. కొబ్బరి తాడు నీళ్లలో, ఉప్పునీళ్లలో కూడా తొందరగా కుళ్లకపోవడానికి, పడవ వాళ్లు దాన్ని తరతరాలుగా వాడటానికి కారణం అదే.

పీచు రెండు రకాలు. పదీ పదకొండు నెలల పచ్చి కాయ డొక్కను ఉప్పుటేరు నీళ్లలో ఆరు నుంచి పది నెలలు నానబెట్టి, కొట్టి తీసేది తెల్ల పీచు. కేరళలో కాయల్ అనే ఉప్పునీటి సరస్సుల దగ్గర పేరుమోసిన పద్ధతి ఇది. నూలుకు బాగుంటుంది కానీ నానే నీరు చెడిపోతుంది, చేపలు బతకవు, దుర్వాసన సరేసరి. ముదురు కాయ డొక్కను కొద్ది రోజులు తడిపి యంత్రంలో చీల్చి తీసేది గోధుమ రంగు పీచు. మన దగ్గర మిల్లుల్లో దొరికేది ఎక్కువగా ఇదే, కొత్తగా మొదలుపెట్టే సంఘానికి ఇదే చాలు.

ఇక్కడ నా అభిప్రాయం కాస్త గట్టిగానే చెబుతాను. దగ్గరలో పీచు మిల్లు ఉంటే డొక్క కొట్టే పని పెట్టుకోవద్దు, పీచే కొనుక్కోండి. డొక్కను నానబెట్టి బడితెతో కొట్టి పీచు తీయడం సంప్రదాయమే, కాదనను. కానీ అది నడుము విరిచే చాకిరీ, దానికి గంటకు గిట్టే డబ్బు అతి తక్కువ. సంప్రదాయం పేరుతో మహిళల చేత దాన్నే చేయించి సాధికారత అనడం నాకు మింగుడుపడదు. చేతి నైపుణ్యానికి విలువ వచ్చేది పీచు వచ్చాక చేసే పనిలో.

పీచు కొనేటప్పుడు బేలు పైపొర చూసి మోసపోవద్దు. మధ్యలోకి చేయి పెట్టి గుప్పెడు లాగండి. తడి తగిలితే తూకంలో నీళ్లకు డబ్బు కడుతున్నారన్నమాట. తెల్ల గుడ్డ మీద దులపండి, పొట్టు ఎంత రాలుతుందో కనిపిస్తుంది. పోగులు వేలెడు పొడవైనా లేకపోతే తాడుకు పనికిరావు. బూజు వాసన వస్తే అడిగిన ధరలో సగానికి ఇస్తామన్నా వద్దు.

రెండో మెట్టు: ఎవరితో మొదలుపెట్టాలి

ఊళ్లో డ్వాక్రా సంఘం ఉంది కదా, దానికే ఈ పని అప్పగిద్దామని చాలామంది అనుకుంటారు. పొదుపు సంఘంలో పది మందీ పీచు పని చేయరు. ఒకరికి పాడి ఉంది, ఒకరికి కుట్టు మిషను ఉంది, ఒకరికి అసలు ఇష్టమే లేదు. అందరినీ బలవంతంగా కూర్చోబెడితే నెల తిరక్కుండానే గొడవలు. వేర్వేరు సంఘాల నుంచి ఇష్టమున్న ఆరేడుగురిని కలిపి ఉత్పత్తి బృందంగా ఏర్పరచడం మేలు. వాళ్ల పొదుపు వాళ్ల సంఘంలోనే నడుస్తుంది. పీచు పని డబ్బు వేరే ఖాతా, వేరే పుస్తకం. ఈ రెండూ ఒక్కసారి కలిసిపోయాయంటే విడదీయడం బ్రహ్మతరం కాదు.

మొదటి సమావేశంలోనే పని వేళలు తేల్చుకోండి. ఉదయం పది గంటల లోపు, సాయంత్రం నాలుగు దాటాక ఇంటి పని ఎదురుచూస్తూ ఉంటుంది. పదకొండు నుంచి మూడున్నర దాకా అనుకుంటే ఎక్కువ మందికి కుదురుతుంది. పాలు తాగే పిల్లలున్నవాళ్లు పిల్లలతోనే వస్తారు, కాబట్టి పీచు దుమ్ము లేని ఒక మూల వాళ్ల కోసం ఉంచాలి. ఇంట్లో అత్తగారో భర్తో అభ్యంతరం చెబుతున్నారంటే ఉపన్యాసాలతో పని లేదు. వాళ్లను ఒకరోజు పని చోటుకు పిలిచి చూపించండి. నేను చూసినంతలో ఎక్కువ మంది అత్తగార్లు వచ్చిన రోజే చాప మీద కూర్చుని, "మా కాలంలో ఇలా కాదమ్మాయ్" అంటూ తాడు పేని చూపించారు. వాళ్లలో ఒకరిద్దరు ఆ తర్వాత గురువులయ్యారు.

మూడో మెట్టు: తాడు పేనడం

పీచుతో చేసే ప్రతి వస్తువుకూ తల్లి తాడు. తాడు సమంగా లేకపోతే పట్టా సమంగా రాదు, ఉట్టి వంకరగా వేలాడుతుంది. అందుకే మొదటి పదిహేను రోజులు తాడు తప్ప మరేమీ చేయించకండి.

పీచు మీద నీళ్లు చిలకరించి, గోనె కప్పి ఒక గంట ఉంచండి. ఎండిన పోగు విరుగుతుంది, బాగా తడిసిన పోగు జారుతుంది. చేతికి చల్లగా తగలాలి కానీ పిండితే నీరు రాకూడదు. తర్వాత దూది ఏకినట్టు వేళ్లతో విడదీసి పొట్టు దులపాలి. పోగులన్నీ ఒకే దిశలో ఉండేలా చిన్న చిన్న కట్టలు చేసుకోవాలి.

రెండు కట్టలను ఎడమ అరచేతిలో పక్కపక్కన పెట్టుకుని, కుడి అరచేత్తో ముందుకు రుద్దితే రెండింటికీ ఒకే వైపు పురి ఎక్కుతుంది. చేయి వదిలీ వదలగానే పురి ఎక్కిన ఆ రెండు కట్టలు, అంటే పేటలు, ఒకదాని చుట్టూ ఒకటి ఎదురు దిశలో చుట్టుకుంటాయి. తాడు రహస్యమంతా అందులోనే ఉంది. పేట విప్పుకోవాలని ఒక వైపు తిరగబోతే, పేటలను కలిపిన పురి దాన్ని రెండో వైపుకు లాగి పట్టుకుంటుంది. ముడి లేదు, జిగురు లేదు, అయినా విడిపోదు. ఇది నేర్పేటప్పుడు మాటల్లో చెప్పి ఊరుకోకుండా, ఒక చిన్న ముక్కను ఎదురు పురి లేకుండా, మరొకటి ఎదురు పురితో చేసి చేతిలో పెట్టండి. మొదటిది కళ్లముందే విచ్చుకుంటుంది.

పేట సన్నబడుతున్నట్టు కనిపించగానే కొత్త పోగులు కలపాలి, పూర్తిగా అయిపోయేదాకా ఆగకూడదు. రెండు పేటల్లోనూ ఒకే చోట అతుకు పడకూడదు. ఒకదానిలో ఇక్కడ కలిపితే, రెండోదానిలో జానెడు దూరం పోయాక కలపాలి. తాడు తెగిందంటే నూటికి తొంభై సార్లు రెండు అతుకులు ఒక్క చోట పడి ఉంటాయి.

పరీక్ష చాలా తేలిక. ఒక మీటరు తాడును రెండు చేతులతో పట్టుకుని, చేతులు దగ్గరికి తెచ్చి వదులుగా వేలాడనివ్వండి. పాములా మెలికలు పడితే పురి ఎక్కువైంది. పేటలు నోరు తెరిస్తే పురి చాలలేదు. ప్రశాంతంగా వంపు తిరిగి వేలాడితే సరిపోయింది. తర్వాత ఒక్కొక్కరి తాడులో పది మీటర్లు తూకం వేయండి. ఒకరిది 300 గ్రాములు, మరొకరిది 450 గ్రాములు ఉంటే ఆ రెండింటినీ ఒకే పట్టాలో వాడలేరు. ఎవరిని ఎవరితోనూ పోల్చి చిన్నబుచ్చకుండా, ప్రతి ఒక్కరూ నిన్నటి తన తూకానికి ఎంత దగ్గరగా వచ్చారో చూసుకోమనండి.

చేయి కుదిరాక, ఆర్డర్లు పెరిగాక మోటారు రాట్నం గురించి ఆలోచించవచ్చు. వెనక్కి నడుస్తూ తాడు పేనే పాత పద్ధతి కంటే కూర్చుని చేసేది ఒంటికి సుఖం. కాకపోతే రాట్నం ముందు కూర్చునేటప్పుడు కొంగు నడుముకు దోపుకోవాలి, జడ ముడి వేసుకోవాలి, గాజులు తీసి పక్కన పెట్టాలి. ఇందులో మినహాయింపు ఉండకూడదు. ముక్కుకు గుడ్డ కట్టుకోవడం, పని అయ్యాక చేతులకు కొబ్బరి నూనె రాసుకోవడం, పీచు గదిలో పొయ్యి, అగ్గిపుల్ల లేకుండా చూసుకోవడం కూడా అంతే ముఖ్యం. ఎండిన పీచు అంటుకుంటే ఆపడం కష్టం.

నాలుగో మెట్టు: ఏ వస్తువు చేయాలి

శిక్షణల్లో ఏనుగు బొమ్మ, కోతి బొమ్మ, వినాయకుడు, గోడ గడియారం చట్రం అంటూ ఇరవై రకాలు నేర్పుతారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి. కానీ బొమ్మ కొన్నవాడు మళ్లీ బొమ్మ కొనడానికి రాడు. అరిగిపోయే, మార్చుకోవాల్సిన, పదే పదే కావాల్సిన వస్తువులతో మొదలుపెట్టండి. మొదటి ఏడాదికి మూడు రకాలు చాలు.

మన ఇళ్లలో ఉన్న పాత వస్తువుల్లోనే కొత్త సరుకు దాగి ఉంది. కుండ కింద పెట్టే చుట్టకుదురు నేడు వేడి గిన్నె కింద భోజనాల బల్ల మీదకు ఎక్కింది. పాలూ పెరుగూ పిల్లికి అందకుండా దూలానికి వేలాడదీసిన ఉట్టి ఇప్పుడు బాల్కనీలో మొక్కల కుండీని మోస్తోంది. నులక మంచానికి అల్లే పద్ధతిలోనే చిన్న పీటలు అల్లవచ్చు. పెద్దవాళ్లకు ఈ అల్లికలు చేతిలో ఉన్నాయి కాబట్టి శిక్షకురాలిని పట్నం నుంచి తెచ్చుకోనక్కర్లేదు.

కోనసీమ వారికి పక్కనే ఒక పెద్ద మార్కెట్ ఉంది, అది కడియం. అక్కడి నర్సరీలకు తీగ మొక్కలు పాకించే కర్రలు కావాలి. రెండు మూడు అడుగుల వెదురు కర్రకు పీచు పరిచి, పైన సన్న తాడు బిగుతుగా చుట్టితే మనీప్లాంటు వేళ్లు దాన్ని పట్టుకుని ఎక్కుతాయి. గంటలో నేర్చుకునే పని ఇది. కొత్త బృందానికి మొదటి సంపాదన దీనితో వస్తే ధైర్యం పెరుగుతుంది.

ఐదో మెట్టు: ఒక పట్టా మొదటి నుంచి చివరి దాకా

చట్రం, మగ్గం ఏవీ లేకుండా చేయగలిగేది జడ పట్టా. 60 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న కోడిగుడ్డు ఆకారపు పట్టా ఎలా చేయాలో చూద్దాం.

వేలి లావు తాడు మూడు ముక్కలు, ఒక్కొక్కటి 11 మీటర్లు తీసుకోండి. మూడింటినీ కిటికీ ఊచకు కట్టి జడ అల్లండి. జడ వెడల్పు రెండున్నర సెంటీమీటర్లు రావాలి. అలాంటి జడ సుమారు 8.25 మీటర్లు ఉంటే ఈ కొలత పట్టాకు సరిపోతుంది. జడలో తాడు వంకర్లు తిరుగుతుంది కాబట్టి పొడవు తగ్గుతుంది, అందుకే పదకొండు మీటర్ల చొప్పున తీసుకోమన్నాను.

ఇప్పుడు మధ్య గీత. పొడవులోంచి వెడల్పు తీసేస్తే ఎంత వస్తుందో అంత పొడవున జడను తిన్నగా పరచాలి. ఇక్కడ 60 లోంచి 40 పోతే 20 సెంటీమీటర్లు. ఆ 20 దగ్గర జడను వెనక్కి మడిచి పక్కన ఆనించి, గోనె సంచులు కుట్టే దబ్బనంతో, మైనం పట్టించిన గట్టి దారంతో కుట్టుకుంటూ చుట్టూ తిప్పాలి. ఈ లెక్క గుర్తుంటే ఏ కొలత పట్టా అడిగినా తడబడరు.

అందరూ చేసే తప్పు ఒడిలో పెట్టుకుని కుట్టడం. ఒడి గుంటగా ఉంటుంది, పట్టా కూడా జల్లెడలా గుంట పడుతుంది. బల్ల మీదో, చదునైన నేల మీదో పరిచే కుట్టాలి. మలుపుల దగ్గర బయటి జడకు ఎక్కువ పొడవు కావాలి, కాబట్టి అక్కడ దారం లాగకూడదు. బయటి జడలో ఒక కన్ను వదిలేసి తర్వాతి కన్నులోంచి కుట్టు తీయాలి. తిన్నగా పోయే చోట అలా వదలనక్కర్లేదు. రెండు చుట్లకు ఒకసారి లేచి నిలబడి చూడండి. అంచు పైకి లేస్తోందంటే బిగించారు, అలలు పడుతోందంటే వదులు చేశారు. అక్కడికక్కడే రెండు చుట్లు విప్పి సరిచేయాలి. చివర్లో చూద్దాంలే అనుకుంటే చివర్లో చేయగలిగేది ఏమీ ఉండదు.

చివరి జానెడులో మూడు తాళ్లనూ ఒకదాని తర్వాత ఒకటి పలచన చేసి, కొసను ముందు చుట్టు కిందకు దోపి కుట్టాలి. కొస ఎక్కడుందో కొనేవారు వెతికినా కనపడకూడదు. పైకి లేచిన పీచు వెంట్రుకలను కత్తెరతో తీసి, రెండు వైపులా కొట్టి దులిపి, ఎండలో ఒక పూట ఉంచి, రాత్రి చెక్క కింద బరువు పెట్టి ఉంచండి. తెల్లారేసరికి పట్టా చదునుగా ఉంటుంది.

రంగులు ఇప్పుడే వద్దు. గోధుమ రంగుకే ఒక అందం ఉంది, పైగా రంగు వేసిన నీళ్లు ఎక్కడ పారబోయాలన్నది మరో తలనొప్పి. ఎవరైనా పట్టుబడితే, బేసిక్ రంగులు మెరుస్తాయి కానీ ఎండకు వెలుస్తాయి, యాసిడ్ రంగులు అంతకంటే నిలుస్తాయి అని గుర్తుంచుకోండి. పసుపుతో వేసిన రంగు గుమ్మం ముందు ఎండలో నెల కూడా ఆగదు.

ఆరో మెట్టు: ధర కట్టడం

ఈ మెట్టు దగ్గరే అందరూ జారుతారు. పట్టాకు ఖర్చెంత అని అడిగితే తాడు ఖరీదు, దారం ఖరీదు చెబుతారు. మరి మీ పని అంటే, "ఇంట్లో ఖాళీగా ఉండే టైమే కదండీ" అంటారు. ఆ ఒక్క మాటతో పట్టాకు పెట్టిన రెండున్నర గంటలు గాలిలో కలిసిపోతాయి. బృందం పెట్టుకోవాల్సిన మొదటి నియమం, ఖాళీ సమయం అనే మాట వాడకూడదని.

ఒక ఉదాహరణ వేసి చూపిస్తాను. అంకెలు నేను అనుకున్నవి, మీ ఊరి ధరలు వాటి స్థానంలో వేసుకోండి. తాడు 1.2 కిలోలు, కిలో 60 రూపాయలు అనుకుంటే 72 రూపాయలు. దారం, దబ్బనం అరుగుదల 8. పని రెండున్నర గంటలు, గంటకు 50 చొప్పున 125. అద్దె, రవాణా, సంచి కలిపి 15. మొత్తం 220. ఇరవై పట్టాల్లో ఒకటి పాడవుతుంది కాబట్టి వందకు 5 చొప్పున 11 కలిపితే 231. బృందం నిధికి వందకు 15 చొప్పున సుమారు 35. అంటే 266, సుమారుగా 270. ఇది దుకాణదారుకు ఇచ్చే ధర. అతను తన లాభం వందకు 40 వేసుకుంటే కొనేవారికి 378 పడుతుంది.

ఇప్పుడు బజారుకు వెళ్లి చూడండి. అదే కొలత యంత్రపు పట్టా 300కే దొరుకుతోందనుకోండి. చాలా బృందాలు ఇక్కడ తమ కూలి తగ్గించుకుంటాయి. వద్దు. 231లో సగానికి పైగా పనిగంటలే ఉన్నాయి కాబట్టి కత్తిరించాల్సింది గంటలను, గంట విలువను కాదు. ఒకరు జడలే అల్లి, ఇద్దరు కుట్టడమే చేస్తే రెండున్నర గంటలు ఒకటిన్నరకు దిగవచ్చు. అప్పుడు కూలి 75 రూపాయలవుతుంది, మిగతా లెక్కంతా దాంతోపాటు దిగుతుంది. అప్పటికీ కుదరకపోతే ఆ వస్తువు వదిలేసి మరొకటి చేయండి. గిట్టని వస్తువు మీద మమకారం పెంచుకోకూడదు.

పుస్తకాలు మూడు చాలు. ఒకదానిలో పీచు కొన్నది, వాడినది, మిగిలినది. రెండోదానిలో ఎవరు ఏ రోజు ఏ పని ఎన్ని గంటలు చేశారో. మూడోదానిలో ఎవరికి అమ్మారు, ఎంత వచ్చింది, ఎంత రావాలి. రాయడం వచ్చిన ఒక్కరికే ఎప్పటికీ అప్పగించవద్దు. నెలకొకరు మార్చుకోండి, రానివారికి పక్కన కూర్చున్నవారు నేర్పాలి. కూలి డబ్బు ప్రతి నెలా ఒకే తేదీన, ఎవరిది వారి సొంత బ్యాంకు ఖాతాలో వేయాలి. భర్త ఖాతాలో కాదు, ఉమ్మడి ఖాతాలో కాదు. ఈ విషయంలో మొహమాటపడిన బృందాల్లో మహిళలు పని పెరిగిందని చెప్పారే కానీ చేతిలో డబ్బు పెరిగిందని చెప్పలేదు.

ఏడో మెట్టు: పెట్టుబడి, పథకాలు

చేతితో మొదలుపెడితే పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. త్రాసు, దబ్బనాలు, కత్తెరలు, బల్ల, నెలకు సరిపడా పీచు. ఇంత వరకు సంఘం అంతర్గత రుణం చాలు. పథకాల కోసం పని ఆపవద్దు, పని చూపించి పథకం అడగండి.

కొబ్బరి పీచునే ఇంగ్లీషులో కాయర్ అంటారు. 1953 నాటి కాయర్ పరిశ్రమ చట్టం కింద ఏర్పడిన కాయర్ బోర్డుకు కొచ్చిలో ప్రధాన కార్యాలయం, రాజమహేంద్రవరంలో ప్రాంతీయ కార్యాలయం ఉన్నాయి. మహిళా కాయర్ యోజన కింద మహిళలకు నూలు పేనడంలో శిక్షణ ఇస్తారు, శిక్షణ కాలంలో భృతి కూడా ఉంటుంది.

చేతివృత్తులవారి కోసం 2023 సెప్టెంబరు 17న మొదలైన కేంద్ర పథకం పీఎం విశ్వకర్మలో 18 వృత్తులున్నాయి. బుట్టలు, చాపలు, చీపుర్లు చేసేవారితో పాటు కాయర్ నేతవారు అందులో ఒక వృత్తిగా ఉన్నారు. శిక్షణ రోజులకు రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయల దాకా సాయం, మొదట లక్ష, అది తీర్చాక రెండు లక్షల దాకా 5 శాతం వడ్డీకి పూచీకత్తు లేని రుణం. కుటుంబంలో ఒక్కరికే వర్తిస్తుంది. ఆ ఒక్కరు ఎవరన్నది ఇంట్లో ముందే తేల్చుకోండి, పని చేసేది కోడలైతే దరఖాస్తు కొడుకు పేరుతో వెళ్లకూడదు.

యంత్రాలు పెట్టే దశకు వస్తే పీఎంఈజీపీ, అంటే ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం ఉంది. పల్లెలో మహిళలకు ప్రాజెక్టు వ్యయంలో 35 శాతం రాయితీ, సొంత వాటా 5 శాతం. ఇక్కడ ఒక విషయం ముందే తెలియాలి. ఆ రాయితీ నగదుగా చేతికి రాదు, మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉండి తర్వాత అప్పులో జమవుతుంది. ఈలోగా వాయిదాలు కట్టాల్సింది మీరే. కొత్త యూనిట్లకే ఇది వర్తిస్తుంది.

ఉద్యమ్ నమోదు, అంటే చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర పేరు నమోదు, ఉచితం; ఆధార్, పాన్ ఉండాలి. దానికి డబ్బు అడిగే వారిని నమ్మవద్దు. ఆంధ్రప్రదేశ్‌లో వస్తువులు అమ్మేవారికి ఏడాది టర్నోవరు 40 లక్షలు దాటేదాకా సాధారణంగా జీఎస్టీ నమోదు అవసరం రాదు. వేరే రాష్ట్రానికి అమ్మేటప్పుడు, ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు నిబంధనలు వేరు, ఆ దశలో ఒక అకౌంటెంటును అడగండి.

పొట్టును పారేయకండి

దులిపిన పొట్టు రోజుకొక గంప పోగవుతుంది. పచ్చి పొట్టు నేరుగా మొక్కకు వేస్తే లాభం కంటే నష్టమే, అందులో ఉప్పు ఉంటుంది, కుళ్లడం కూడా చాలా నెమ్మది. మంచినీళ్లతో రెండు మూడు సార్లు కడిగి ఆరబెడితే నర్సరీ నారుకు పనికొస్తుంది. ఎరువుగా మార్చాలంటే టన్ను పొట్టుకు 5 కిలోల యూరియా, 5 సీసాల ముత్యపు పుట్టగొడుగు విత్తనం కావాలి. నీడలో వంద కిలోల పొట్టు పరిచి ఒక సీసా విత్తనం చల్లాలి. దాని మీద మరో వంద కిలోలు, ఒక కిలో యూరియా. ఇలా ఒకటి మార్చి ఒకటి పది పొరలు వేసి, తడి ఆరకుండా నీళ్లు చల్లుతుంటే సుమారు 30 రోజులకు నల్లబడుతుంది. మిల్లు దగ్గర ఉన్న బృందానికి ఒక్కోసారి తాడు కంటే ఇదే ఎక్కువ మిగులుస్తుంది.

అమ్మకం

మొదటి పాతిక పట్టాలు తెలిసినవారికి అమ్మండి, కానీ ఊరికే ఇవ్వవద్దు. నెల తర్వాత వాళ్ల గుమ్మం దగ్గరికి వెళ్లి ఎక్కడ చిరిగింది, ఎక్కడ దారం తెగింది చూసి రండి. తర్వాత మహిళా సంఘాల సరుకులు అమ్మే సరస్ ప్రదర్శనలు, ప్రభుత్వ హస్తకళల లేపాక్షి దుకాణాలు, దిండి వైపు రిసార్టులు, కడియం నర్సరీలు. ప్రదర్శనకు ఇద్దరేసి చొప్పున, ప్రతిసారీ వేర్వేరు వారు వెళ్లాలి. కొనేవారి ముఖం చూడని మనిషికి ధర చెప్పే ధైర్యం రాదు. వర్షాకాలానికి ముందే సరుకు అటక మీదకో, నేలకు ఎత్తుగా బల్లల మీదకో చేర్చండి, బూజు పట్టిన పట్టాను ఎండబెట్టి అమ్మితే ఆ గిరాకీ మళ్లీ రాదు.

పెద్ద ఆర్డరు వస్తే సగం ముందుగా తీసుకోండి, నమూనా పట్టా ఒకటి మీ దగ్గర, ఒకటి వాళ్ల దగ్గర ఉంచండి. అరువు మొదటిసారి ఇవ్వవద్దు.

బేరం ఎలా ఉంటుందో ముందే ఒకరినొకరు అడిగి అలవాటు చేసుకోవాలి. ఒక బృందంలో ఇలా సాధన చేయడం చూశాను. ఒకామె దుకాణదారుగా కూర్చుని, "230కి ఇచ్చేయమ్మా, వంద పట్టాలు తీసుకుంటాను" అంది. ఎదుటి ఆమె పని పుస్తకం తెరిచి, పేజీ మీద వేలు పెట్టి చూసుకుని, తల ఎత్తింది. "231 మాకే పడుతోందండీ. 230లోనే కావాలంటే కొంచెం చిన్నది, 50 సెంటీమీటర్లది చేసిస్తాం. ఇదే కావాలంటే 270."

దుకాణదారు పాత్రలో ఉన్నామెకు తర్వాత ఏం అడగాలో తోచలేదు.